బయటి మనిషి అడిగే ప్రశ్న

 విద్యార్థులు వెనక వరసల్లో సర్దుకున్నారు. అక్కడే ఎందుకు కూర్చుంటారో నాకు తెలుసు. యాభై ఏళ్ల కిందట ఇదే హాల్లో నేనూ కిటికీ పక్కన, జారుకోవడానికి వీలుగా కూర్చునేవాణ్ని.

పెన్షన్లో మిగిల్చుకున్న డబ్బు ఈ కాలేజీకి రాసిచ్చేటప్పుడు మాస్టారు ఒక షరతు పెట్టారు. ఆహ్వానపత్రంలో గాని, తర్వాత అచ్చువేసే పుస్తకంలో గాని తన పేరు కనిపించకూడదు. అందుకే ఇది మొదటినుంచీ 'మాస్టారి స్మారక ఉపన్యాసం'గానే నడుస్తోంది. ఈ ఊళ్లో మాస్టారంటే ఇంకెవరో అనుకునే ప్రమాదం లేదు కనుక నేనూ ఆయన మాట దాటను.

నాకిచ్చిన అంశం, బాగా చదివే పిల్లలకు విశ్వవిద్యాలయాలు పెట్టే ఆనర్స్ చదువు. ప్రిన్సిపల్ గారు ఫోన్లో అసలు సంగతి చెప్పారు: "నాలుగో ఏడు ఎందుకు సార్ అని పిల్లలు అడుగుతున్నారండీ, మీరొచ్చి చెప్పండి." న్యాయమైన ప్రశ్నే. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత, 2022 డిసెంబరులో యూజీసీ కొత్త లెక్క ఇచ్చింది. మూడేళ్లలో 120 క్రెడిట్లు వస్తే మామూలు డిగ్రీ. నాలుగేళ్లు చదివి 160 తెచ్చుకుంటే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకుని, నాలుగో ఏట పరిశోధన కూడా చేస్తే 'ఆనర్స్ విత్ రీసెర్చ్'. కాగితం మీద ఇంతే. ఫీజు కట్టే ఇంట్లో మాత్రం ఇది ఇంకో సంవత్సరం బస్సు పాసు, ఇంకో సంవత్సరం వాయిదా పడిన ఉద్యోగం. అందుకని, ఆ సంవత్సరంలో ఏం జరిగితే అది ఆనర్స్ అనిపించుకుంటుంది అన్నదాని మీదే మాట్లాడతాను.

మా చిన్నప్పుడు ఈ మాట చివర 'సు' ఉండేది. ఫలానావారబ్బాయి ఆనర్సు చదివాడంటే సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవి. గేటు పక్క చెక్కపలక మీద పేరు కింద 'బి.ఏ. (ఆనర్స్)' అని తెల్ల అక్షరాలతో రాయించుకునేవారు. పాత మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ, దాన్నుంచి వేరుపడి 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఇంటర్మీడియెట్ తర్వాత మామూలు బి.ఏ. రెండేళ్లు, ఆనర్సు మూడేళ్లు. ఆనర్సు నెగ్గినవాళ్లు తర్వాత రుసుము కట్టి ఎం.ఏ. పట్టా కూడా పుచ్చుకునేవారు, మళ్లీ పరీక్ష రాయకుండా. మూడేళ్ల డిగ్రీ వచ్చాక ఆ పాత ఆనర్సు తెరమరుగైంది. మాస్టారు వాల్తేరులో అలా చదివినవారే. కాని ఆయన ఇంటి ముందు పలక ఉండేది కాదు. సైకిల్ ఉండేది.

ఈ సరుకు ఎక్కడ తయారైందో చూస్తే మన దగ్గర ఏం జరిగిందో తేలిగ్గా అర్థమవుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో 1800లో చేసిన కొత్త పరీక్షల చట్టంతో, పాసైతే చాలనుకునేవాళ్లు ఒకవైపు, గట్టి పరీక్షకు సిద్ధపడినవాళ్లు ఇంకోవైపు అయ్యారు. కేంబ్రిడ్జ్‌లో అంతకుముందే గణితంలో ట్రైపాస్ పరీక్ష నడుస్తోంది. అందులో మొదటి తరగతిలో నెగ్గినవాళ్లు రాంగ్లర్లు. అందరికంటే పైన ఉన్నవాడు సీనియర్ రాంగ్లర్. సెనేట్ హౌస్‌లో వరసగా పేర్లు చదివేవారు, పత్రికలు అచ్చువేసేవి. 1899లో మన రఘునాథ పురుషోత్తమ పరాంజపే ఆ స్థానాన్ని మరొకరితో కలిసి పంచుకున్నప్పుడు ఇక్కడ పండగ చేసుకున్నారు. 1890లో ఫిలిప్పా ఫాసెట్ అనే అమ్మాయికి సీనియర్ రాంగ్లర్ కంటే ఎక్కువ మార్కులొచ్చాయి. స్త్రీలను ఆ వరసలో చేర్చే ఆచారం లేదు కనుక, 'సీనియర్ రాంగ్లర్‌కు పైన' అని చదివి ఊరుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తి పట్టా ఇవ్వడానికి 1948 దాకా పట్టింది. వరసకు పైన ఉండి కూడా వరసలో లేకపోవడం అంటే అదీ.

ఆ పరీక్షకు తర్ఫీదిచ్చే ప్రైవేటు మాస్టర్లు ఉండేవారు. వాళ్లను కోచ్ అనేవారు. మన కోచింగ్ సెంటర్ ఇంటిపేరు అక్కడిదే. ఎడ్వర్డ్ రౌత్ అనే ఆయన పాతికమందికి పైగా సీనియర్ రాంగ్లర్లను తయారుచేశాడు. ఏ లెక్క ఎన్ని నిమిషాల్లో చెయ్యాలో, ఏది వదిలెయ్యాలో ఆయన దగ్గర లెక్క ఉండేది. రౌత్ స్వయంగా 1854లో సీనియర్ రాంగ్లర్. ఆ ఏడు రెండో స్థానంలో వచ్చిన కుర్రవాడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. మీ సెల్‌ఫోన్‌లో సిగ్నల్ వచ్చినప్పుడల్లా పనిచేసేవి ఆ రెండో ర్యాంకువాడి సమీకరణాలే. 1898లో నాలుగో రాంగ్లరుగా వచ్చిన జి.హెచ్. హార్డీ తర్వాత జీవితమంతా ఆ పరీక్షను తిడుతూనే ఉన్నాడు. పేర్లు వరసపెట్టి చదవడం 1909తో ఆపేశారు.

వాళ్లు ఆపేసింది మనం ఎత్తుకున్నాం. జూన్ వస్తే పత్రికల మొదటి పేజీ నిండా పిల్లల ఫొటోలు, ఫ్లెక్సీల మీద అంకెలు, టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ఊపిరాడని కేక. ఆ ఫొటోల్లోని పిల్లలు పదేళ్ల తర్వాత ఏం ఆలోచిస్తున్నారని ఏ ఫ్లెక్సీ అడగదు. పిల్లల్ని ఏరడంలో మనంతటి నేర్పరులు ప్రపంచంలో తక్కువ. ఏరాక ఏం చెయ్యాలో మాత్రం చేతకాక, మళ్లీ ఏరుతాం.

నేనేదో ఏరికే వద్దంటున్నానని అనుకోకండి. 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడు తాడికొండ, కొడిగెనహళ్లి. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో కర్నూలులో సిల్వర్ జూబ్లీ కాలేజీ. ఆ చదువుల మీద ఎక్కివచ్చిన పల్లెటూరి పిల్లలు ఎన్ని కలెక్టరేట్లలో, ఎన్ని ప్రయోగశాలల్లో కూర్చున్నారో ఈ హాల్లోనే చాలామందికి తెలుసు. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో, ప్రభుత్వ బడిలో చదివిన పిల్లల గ్రేడుకు 0.4 కలిపి ఎంపిక చేసేవారు. ఆ 0.4 వెనక ఉన్న ఆలోచన నాకు చాలా ఇష్టం. ఒకే గీత మీద నిలబెట్టి పరిగెత్తించేముందు ఎవడి కాలికి చెప్పులున్నాయో చూడమంటుంది అది. ఎంపికలో ఇంత తెలివి చూపినవాళ్లం, ఎంపిక తర్వాతి సంగతికి వచ్చేసరికి అదే సిలబస్, అదే గైడు, అదే పదిమార్కుల ప్రశ్న.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళతాను.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం శివార్లలో స్వార్త్‌మోర్ అనే చిన్న కాలేజీ ఉంది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు 1864లో స్థాపించారు. ఇప్పటికీ పదహారువందల చిల్లర విద్యార్థులు మాత్రమే. మన ఊళ్లో ఒక పెద్ద ఇంటర్ కాలేజీ అంతకంటే పెద్దది. 1921లో ఫ్రాంక్ ఎయ్‌డలాట్ అనే ఇంగ్లిష్ ప్రొఫెసర్ దానికి అధ్యక్షుడిగా వచ్చాడు. ఇండియానా రాష్ట్రంలో పుట్టి, 1905లో రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లి చదువుకున్నవాడు. ఆ రోజుల్లో అమెరికా డిగ్రీ అంటే కోర్సులు, హాజరు, క్విజ్, మార్కులు. తెలివైనవాడైనా కానివాడైనా ఒకే అడుగు, ఒకే తాళం. తర్వాత 1944లో రాసిన పుస్తకానికి ఆయన పెట్టిన పేరులోనే 'లాక్‌స్టెప్' అనే మాట ఉంది. మనిషి వెనక మనిషిని ఆనించి, ముందువాడి కాలు కదిలితేగాని వెనకవాడి కాలు కదలకుండా నడిపించే కవాతు అది. ఖైదీలను అలా నడిపించేవారు.

1922లో ఆయన ఆ కవాతు ఆపాడు. అందరికీ కాదు, కావాలన్నవాళ్లకి. మొదట ఇంగ్లిష్ సాహిత్యంలో, సామాజికశాస్త్రాల్లో. చివరి రెండేళ్లు క్లాసులుండవు, హాజరు పట్టీ ఉండదు. వారానికి ఒక్కో సెమినార్ ఒకసారి. ఐదారుగురు, మించితే ఎనిమిదిమంది. తరచు ప్రొఫెసరు ఇంట్లోనే. ఒకరో ఇద్దరో రాసిన వ్యాసం ముందుగా అందరికీ చేరుతుంది, అందరూ చదువుకుని వస్తారు. ఇక మూడు గంటలో నాలుగు గంటలో ఆ వ్యాసం మీద వాదన. మధ్యలో తినడానికేదైనా ఉంటుంది. ఆ తిండి తెచ్చే వంతు విద్యార్థులు పంచుకునే ఆచారం ఇప్పటికీ ఉంది. సెమినార్ ఎంత బాగా నడిచిందో కొన్నిసార్లు తిండిని బట్టి చెప్పొచ్చని నా అనుమానం.

ఇంతవరకూ మంచి ఉపాధ్యాయుడున్న ఎక్కడైనా జరిగేదే. ఎయ్‌డలాట్ చేసిన అసలు పని దీని తర్వాత ఉంది. పరీక్ష పెట్టే హక్కును పాఠం చెప్పినవాడి చేతిలోంచి తీసేశాడు. రెండేళ్లు చదివాక, వేరే కాలేజీల నుంచి, వేరే విశ్వవిద్యాలయాల నుంచి ఆ విషయం తెలిసినవాళ్లు వస్తారు. ప్రశ్నపత్రాలు వాళ్లవే, దిద్దేదీ వాళ్లే. అంతటితో అయిపోదు. ఒక్కో విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇక్కడ ఇలా ఎందుకు రాశావు, దీనికి విరుద్ధంగా ఫలానా వాదన ఉందిగా, దాన్నేం చేశావు అని అడుగుతారు. చివరికి వాళ్లే కూర్చుని ఎవరికి ఆనర్స్, ఎవరికి హై ఆనర్స్, ఎవరికి హయ్యెస్ట్ ఆనర్స్ అన్నది తేలుస్తారు. 1990ల్లో నియమాలు కొంత మారాయి. ముఖ్య విషయంలోనూ, ఉపవిషయంలోనూ ఎంచుకున్న కొన్ని పాఠ్యభాగాల మీద పరీక్ష. కాని బయటివాళ్లు రావడం, ఎదురుగా కూర్చోవడం మాత్రం నూరేళ్లు దాటినా పోలేదు.

దీనివల్ల ఏమవుతుందో ఆలోచించండి. మార్కులు మాస్టారి చేతిలో ఉన్నంతకాలం విద్యార్థి ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను మాస్టారి మొహం మీద పెట్టుకుంటాడు. ఆయనకేది నచ్చుతుందో అదే రాస్తాడు. పరీక్షకుడు బయటివాడైతే మాస్టారు, శిష్యుడు ఒకే పక్షం. ఇద్దరూ కలిసి ఆ రాబోయేవాడి కోసం సిద్ధపడాలి. అప్పుడు శిష్యుడు "మీరు చెప్పింది నాకు ఒప్పుదల లేదండీ" అన్నా మాస్టారికి కోపం రాదు, భయం వేస్తుంది, ఇదే మాట రేపు ఆ వచ్చినవాడూ అంటాడేమోనని. శిష్యుడితోపాటు గురువూ పరీక్షకు కూర్చుంటాడు.

అబ్బే, ఇదంతా దొరల సంగతి అనుకుంటారేమో. మనకు అవధానం ఉంది. తిరుపతి వెంకటకవులు చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చదువుకున్నారు. పరీక్ష పెట్టింది మాత్రం ఆయన కాదు, ఊళ్లు, సంస్థానాలు, పృచ్ఛకులు. పృచ్ఛకుడు ఎదుట కూర్చుని సమస్య ఇస్తాడు. అవధాని పూరించాలి, అక్కడికక్కడే, అందరూ చూస్తుండగా. సమస్య చూసి ఇది సిలబస్‌లో లేదండీ అనే వీలు లేదు. గురువుగారు సభలో ఉంటే ఆయన గుండె ఎలా కొట్టుకుంటుందో స్వార్త్‌మోర్ ప్రొఫెసర్లకు తెలుసు.

బయటి పరీక్షకుడు మనకు కొత్తా అని మీలో ఎవరైనా అడగొచ్చు. నిజమే. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో విశ్వవిద్యాలయాలు పెట్టినప్పుడు తీసుకున్న నమూనా లండన్ విశ్వవిద్యాలయం. అప్పటికి అది ప్రధానంగా పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే యంత్రం, పాఠం ఎక్కడో కాలేజీలో జరిగేది. మన పేపర్లు మొదటినుంచీ ఎవరో ఎక్కడో తయారుచేసినవే. కాని ఆయన ముఖం మనం చూడలేదు, మన ముఖం ఆయన చూడలేదు. మధ్యలో ఒక కోడ్ నంబరు. స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకిన్ని కట్టలని దిద్దే మనిషి నీ వ్యాసంలో మూడో పేజీ దగ్గర ఆగి "ఇదెక్కడ దొరికింది నీకు?" అని ఎలా అడుగుతాడు? నేనూ దిద్దాను, ఎన్నో ఏళ్లు. అడగాలనిపించిన పేపర్లు కొన్ని తగిలాయి. కోడ్ నంబరును ఏం అడుగుతాం?

స్వార్త్‌మోర్ చిన్న కాలేజీ, డబ్బున్న కాలేజీ. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఆ ఆలోచన చేరడానికి వేరే మనిషి కావలసివచ్చాడు. కొలరాడో విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చెప్పిన జోసెఫ్ కోహెన్, 1957లో అమెరికా విశ్వవిద్యాలయాలవాళ్లను కూడగట్టి ఒక సంఘం పెట్టాడు. స్పుత్నిక్ ఎగిరింది ఆ ఏడు అక్టోబరు 4న. రష్యావాడిని చూసి భయపడి అమెరికా తెలివైన పిల్లల మీద పడిందని చెప్పేవాళ్లున్నారు. కోహెన్ పని దానికి ముందే మొదలైంది. భయం వల్ల డబ్బు తేలిగ్గా దొరికిందన్నది మాత్రం నిజం. ఆ సంఘం 1965లో మూతపడ్డా, మరుసటి ఏడే జాతీయ ఆనర్స్ మండలి పుట్టింది. మిషిగన్ స్టేట్‌లో 1956, ఒరెగాన్‌లో 1960, అరిజోనా స్టేట్‌లో 1988, పెన్ స్టేట్‌లో 1997, ఇలా ఒక్కొక్కటిగా ఆనర్స్ కాలేజీలు లేచాయి. టెక్సస్ విశ్వవిద్యాలయంలో 'ప్లాన్ టూ' అనే ఆనర్స్ పథకం వీటన్నిటికంటే ముందు, 1935లోనే మొదలైంది.

అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్లలో ఈ ఆనర్స్ కాలేజీ మాట ఇప్పుడు తరచు వినిపిస్తుంది. మా మేనకోడలు కూతురు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆనర్స్ కాలేజీలో చేరింది. వీడియో కాల్‌లో అన్నీ చూపించింది. ఆనర్స్ పిల్లలకు వేరే హాస్టల్, స్కాలర్‌షిప్, చిన్న క్లాసులు. కోర్సులు ఎంచుకునే రోజు అందరికంటే ముందు వీళ్లకే కంప్యూటర్ తెరుచుకుంటుందట, సీట్లు నిండకముందే. సంతోషించాను. ఆఖర్న అడిగాను: "నీ థీసిస్ ఎవరు చదువుతారమ్మా?" "మా అడ్వైజరు, ఇంకో ప్రొఫెసరు, తాతయ్యా." "బయటివాళ్లెవరైనా?" "బయటివాళ్లా? వాళ్లెందుకు?"

ఆ పిల్లని తప్పుపట్టను. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో వేలమంది ఆనర్స్ పిల్లలకు బయటినుంచి పరీక్షకుల్ని రప్పించడం అయ్యే పని కాదు. కాని ఒకటి గమనించాను. అక్కడ కూడా ముందు చెప్పేది హాస్టల్ సంగతి, తర్వాత ముందుగా సీటు దొరికే సంగతి, థీసిస్ సంగతి నేనడిగితే వచ్చింది. మంచి ర్యాంకు పిల్లలు వేరే గొప్ప కాలేజీకి పోకుండా తమ దగ్గర చేరడానికి ఇదొక ఆకర్షణ అయింది. ఫస్ట్ క్లాస్ టికెట్‌లాగా. రైలు మాత్రం అదే. ఈ మాట కొంచెం కఠినంగా ఉంటే మన్నించండి, ఆ విశ్వవిద్యాలయాల్లో గొప్ప థీసిస్‌లు రాసిన పిల్లలు లేకపోలేదు.

ఎదురుగా కూర్చునే బయటి మనిషి ఏం చెయ్యగలడో మన పక్కనే జరిగింది ఒకటి చెబుతాను. 1928లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఒక కుర్రవాడు బి.ఎస్సీ. ఫిజిక్స్ ఆనర్సు చదువుతున్నాడు. అతనికి గణితం ఇష్టం. తండ్రి కోరిక మీద ఫిజిక్స్ తీసుకున్నాడు. జర్మనీ నుంచి ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ వచ్చి ఉపన్యాసమిచ్చాడు. పరమాణువుల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకాన్ని కుర్రవాడు సొంతంగా చదివి ఉన్నాడు. మర్నాడు ధైర్యం చేసి ఆయన దిగిన హోటలుకు వెళ్లి, మీ పుస్తకం చదివానండీ అన్నాడు. సోమర్‌ఫెల్డ్ చెప్పింది ఏమిటంటే, అబ్బాయీ, నువ్వు చదివిందంతా పాతబడిపోయింది, ఈ రెండుమూడేళ్లలో క్వాంటం సిద్ధాంతం మొత్తం మారిపోయింది. చెప్పి, లోహాల్లో ఎలక్ట్రాన్ల మీద ఇంకా అచ్చుకాని తన వ్యాసం ప్రూఫులు చేతిలో పెట్టాడు. ఆ కుర్రవాడు వాటిని పట్టుకుని కూర్చున్నాడు. 1929లో అతని వ్యాసం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. 1930లో ఆనర్సు ముగించి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఓడెక్కాడు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1983లో నోబెల్.

ఆ హోటల్ గది నాకు మాటిమాటికీ గుర్తొస్తుంది. చంద్రశేఖర్‌కు ప్రెసిడెన్సీలో మంచి మాస్టర్లే ఉన్నారు. అతను ఆ మంచి మాస్టర్ల లెక్కలో మొదటివాడే. అయినా నీ చదువు పాతబడిందని చెప్పడానికి బయటి మనిషి కావలసివచ్చాడు. రోజూ చూసే మాస్టారు ఆ మాట చెప్పలేడు. చెబితే తన చదువూ పాతదేనని ఒప్పుకోవాలి.

ఇంకొకటి మన వాల్తేరు సంగతి. రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్‌గా ఉన్నారు. హిరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్, సూరి భగవంతం, టి.ఆర్. శేషాద్రి లాంటివాళ్లను ఆ సముద్రపొడ్డుకు రప్పించారు. వాళ్లు తీర్చిన ఆ విశ్వవిద్యాలయంలో 1940లో గణితం ఆనర్సులో మొదటివాడిగా నెగ్గినవాడు సి.ఆర్. రావు. అదే చోట పరిశోధన చెయ్యాలని దరఖాస్తు పెట్టుకుంటే గడువు దాటిందని తిరగ్గొట్టారు. సైన్యంలో సర్వే విభాగం ఉద్యోగానికి కలకత్తా వెళితే వయసు చాలదన్నారు. అక్కడ పరిచయమైన ఒకాయన మాట వల్ల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కి, 1941 జనవరి 1న చేరాడు. 1945లో రాసిన వ్యాసంతో ఆయన పేరు ప్రపంచంలో ఉన్న ప్రతి స్టాటిస్టిక్స్ పుస్తకంలోకి ఎక్కింది. 102 ఏళ్లు బతికి 2023లో పోయారు. ఆనర్సులో మొదటివాడికి కూడా గడువు తేదీ ఎదురొచ్చిందని చెప్పడానికే ఇది చెప్పాను. ఈ సభలో అధికారులెవరైనా ఉంటే చెవిన వేసుకోండి.

ఇక మాస్టారి దగ్గరికి వస్తాను.

మా బి.ఏ. ఆర్థికశాస్త్రం రెండో ఏట ఆదివారాలు పొద్దున ఐదుగురిని ఇంటికి రమ్మన్నారు. ఏరికేమీ లేదు. క్లాసులో ఎవరు ఎదురుప్రశ్న వేశారో వాళ్లని పిలిచారు. అందులో ఒకడికి మార్కులు చాలా తక్కువ. పిట్టగోడ మీద ఇద్దరం, నులకమంచం మీద ముగ్గురం, ఆయన పడక్కుర్చీలో. అమ్మగారు ఉప్మా పెట్టేవారు. వారానికి ఒకరు రాసుకొచ్చింది చదవాలి, మిగతావాళ్లు చీల్చాలి. ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. "ఊఁ, తర్వాత?" అనేవారు. స్వార్త్‌మోర్ అనే ఊరుందని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. వాల్తేరులో చదివిన ఆనర్సే ఆయన మాకు పంచిపెట్టారనుకుంటాను.

వేసవి సెలవులకు ముందు ఒక ఆదివారం వెళ్లేసరికి పడక్కుర్చీలో వేరే ఆయన కూర్చుని ఉన్నారు. మాస్టారి స్నేహితుడట, వేరే ఊరి కాలేజీలో చెబుతారట, రాత్రి బస్సుకి వచ్చారట. మా వ్యాసాలన్నీ ఆయన ఒళ్లో ఉన్నాయి, ఎర్రపెన్సిల్ గీతలతో. మాస్టారు సంచీ తీసుకుని, "నా ముందైతే మీరు నాకు నచ్చేవే చెబుతారు. నేను కూరగాయలకి వెళ్లొస్తా" అని సైకిలెక్కి వెళ్లిపోయారు.

నా వ్యాసం ధవళేశ్వరం ఆనకట్ట మీద. ఎనిమిది పేజీలు. 1833 కరువు, కాటన్ దొర, 1847లో పని మొదలు, 1852లో పూర్తి, ఎకరాల లెక్క, దిగుబడి లెక్క, అన్నీ ఉన్నాయి. నాలోనేను చాలా మెచ్చుకున్న వ్యాసం. ఆయన పేజీలు తిప్పి అడిగారు:

"ఆనకట్టకి ముందు మీ ఊరివాళ్లు ఏం తినేవారోయ్?"

"వరే అండీ... మరీ తక్కువగా."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉందండీ."

"ఏ పుస్తకంలో? నువ్వు ఇక్కడ రాసిన రెండు పుస్తకాల్లోనూ లేదే. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారు?"

"మామ్మ ఉందండీ."

"అడిగావా?"

అడగలేదు. ఆనకట్ట గురించి మామ్మని అడగాలని నాకు తోచనే లేదు. చెవులు ఎర్రబడ్డాయి. పక్కన ఉప్మా చల్లారిపోయింది. ఆయన ఇంకేమీ అనలేదు. తర్వాతివాడి వ్యాసం తీశారు.

ఆ సాయంత్రం మామ్మ దగ్గర కూర్చుని అడిగితే, "ఆనకట్ట సంగతి నాకేం తెలుసురా, అప్పటికి నేను పుట్టానా? మా మామ్మ చెప్పేది, వరన్నం పండగనాడే, మిగతా రోజులు చోడి అంబలే అని. ఎవరి పొలానికి నీరొచ్చిందో వాళ్లింటికే అన్నమొచ్చిందట" అంది. ఆ ఆఖరి మాట నా ఎనిమిది పేజీల్లో ఎక్కడా లేదు. నా తర్వాతి ముప్పై ఏళ్ల పని, మంచిదో చెడ్డదో, ఆ మాట చుట్టూనే తిరిగింది.

వారం తర్వాత మాస్టారికి ఈ సంగతి చెబితే ఆయన నవ్వలేదు. "నేనూ అడగలేదుగా నిన్ను. ఎనిమిదివారాలు చూశాను ఆ వ్యాసాన్ని" అన్నారు. ఆయన మొహంలో కొంచెం సిగ్గు కనిపించింది. అది ఆ బయటాయన ఇద్దరికీ కలిపి పెట్టిన పరీక్ష అని నాకు చాలా ఏళ్లకు తట్టింది.

ప్రిన్సిపల్ గారూ, పిల్లలకి నాలుగో ఏడు ఎందుకని మీరడిగారు. ఆ ఏడాదిలో ఒక్క రోజు ఇలాంటిది ఉంటే ఫీజు గిట్టుబాటవుతుంది. లేకపోతే పిల్లల అనుమానమే రైటు. యూజీసీ కాగితంలో ప్రాజెక్టు ఉంది, దానికి క్రెడిట్లున్నాయి, వైవా కూడా పెట్టుకోవచ్చు. వైవా అంటే మనకు తెలిసిందే కదా. ఎక్స్‌టర్నల్ గారికి స్టేషన్లో కారు, మంచి భోజనం, శాలువా, సాయంత్రానికి అందరికీ నలభై ఎనిమిది. ఆయన ఆ ప్రాజెక్టు మొదటిసారి చూసేది భోజనం బల్ల మీద. అలాంటిది నేను అడగడం లేదు.

ఈ ఉపన్యాసానికి కమిటీవారు ఇవ్వబోయే కవరు నేను తీసుకోను. దాన్ని నిధిలోనే ఉంచండి. వచ్చే మార్చిలో నాలుగో ఏడు పిల్లలు ముగ్గురో నలుగురో రాసింది, ఎవరి మార్కులెన్నో చెప్పకుండా, బయటి ఊళ్లో ఆ విషయం తెలిసిన మనిషికి నెల ముందు పంపండి. బస్సు చార్జీ, ఒక రాత్రి బస, ఇంటి భోజనం చాలు. శాలువా వద్దు. ఆయన పిల్లల్ని అడుగుతుంటే వాళ్ల గైడు గది బయట ఉండాలి. కూరగాయలకి వెళ్లినా సరే. మొదటి ఏడాది ఎవరూ దొరక్కపోతే నేనే వస్తాను, ఆర్థికశాస్త్రమో చరిత్రో అయితేనే. కాగితాలు మాత్రం పెద్ద అక్షరాల్లో పంపండి, కళ్లు ఇదివరకటిలా లేవు.